జొంజు నగరమున మిగిలినవి

కొరియా అను పేరు మన ఇండ్లలోని రేడియోలలో విరివిగా వినవచ్చినది 1950 మొదలు 1953 వఱకు అచట జరిగిన యుద్ధకాలమున. ఆ యుద్ధము ముగిసిన పిమ్మట బందీల అప్పగింతను పర్యవేక్షించుటకు జనరల్ తిమ్మయ్యగారి అధ్యక్షతన తటస్థ రాజ్యముల సంఘ మొకటి పనిచేయుటయు, భారతసేన అచటికి పోవుటయు పెద్దలలో కొందఱకు జ్ఞాపక ముండవచ్చును. ఆనాటి వార్తలలో కొరియా యనగా కాలిన ఊళ్లు, తెగిన వంతెనలు, మంచులో నడచుచున్న శరణార్థులు. నేడు ఆ పేరు వినగనే మన పిల్లలకు చలనచిత్రములును, పాటలును, చేతిలోని టెలిఫోనులును స్మరణకు వచ్చును. ఈ రెండు చిత్రములకును వెలుపల నున్న పాత కొరియాను చూడగోరువారు దక్షిణ కొరియా నైరుతి భాగమున నున్న జొంజు నగరమునకు పోవలెను. ఆ నగరమున చూడదగినవేవి, తినదగినవేవి, అవి ఎట్లు మిగిలినవి అను విషయమును ఈ ప్రసంగమున ముచ్చటింప దలచితిమి.

జొంజు నేడు సుమారు ఆఱున్నర లక్షల జనసంఖ్య గల పట్టణము. రాజధానియగు సియోలు నుండి వేగపు రైలులో రెండు గంటలలోపల చేరవచ్చును. నగరమునకు తూర్పున కొండలు, పడమట సముద్రము వఱకు వ్యాపించిన గొప్ప వరిపొలముల మైదానము. కొరియా దేశమునకు అన్నము పెట్టు భూమి యిదియే. మన గోదావరి, కృష్ణా మండలములను ఎఱిగినవారికి ఇట్టి దేశమున పట్టణమెట్లుండునో, భోజన మెట్లుండునో వేఱుగ చెప్ప నక్కఱలేదు. పంట గలచోట పన్ను గలదు. పన్ను గలచోట అధికారి గలడు. అధికారి గలచోట వంటయు గలదు, తిరుగుబాటును గలదు. జొంజు చరిత్రలో ఈ నాలుగును మనకు కనబడును.

ఆ నగరమునకు పూర్వనామము వాన్‌సాన్. 757వ సంవత్సరమున సిల్లా రాజులు దానికి జొంజు అని పేరిడిరి. రెండు పేర్లలోను మొదటి అక్షరమునకు 'సంపూర్ణము' అనియే అర్థము. క్రీ. శ. 900లో గ్యొన్ హ్వొన్ అను సేనాని ఆ నగరమును రాజధానిగా చేసికొని 'తరువాతి పెక్చే' రాజ్యమును స్థాపించెను. ఆతని కథ విషాదాంతము. చిన్న కుమారునకు రాజ్య మీయదలచినందున, 935లో పెద్ద కుమారుడు తండ్రిని సమీపమునందలి కుమ్‌సాన్ బౌద్ధాలయమున నిర్బంధించెను. వృద్ధరాజు తప్పించుకొనిపోయి, జీవితమంతయు తాను పోరాడిన శత్రువునే శరణు జొచ్చి, మఱుసటి యేడు తన రాజ్యము మీదికే దండెత్తి వచ్చెను. 936లో ఆ రాజ్యము అంతరించినది. ముప్పదియాఱేండ్ల రాజధానీ వైభవము ముగిసి, జొంజు పిమ్మట రాష్ట్రస్థానముగా మాత్రమే నిలిచినది. 1018లో జొంజు, నాజు అను రెండు పట్టణముల పేర్ల మొదటి అక్షరములు కలిపి ఆ రాష్ట్రమునకు జొల్లా అని పేరు పెట్టిరి. ఆ పేరు నేటికిని వాడుకలో నున్నది.

అటుపిమ్మట మఱియొక రాజవంశము ఈ పట్టణమును తన పుట్టినిల్లుగా చెప్పుకొనినది. 1392లో జోసొన్ రాజ్యమును స్థాపించిన యీ సొంగ్యే పూర్వికులు జొంజు వాసులు. ఆతడు రాజు కాకముందు, 1380లో, తీరమును దోచుచున్న జపాను సముద్రపు దొంగలను హ్వాంగ్‌సాన్ వద్ద ఓడించి మరలివచ్చుచు, నగరపు అంచున నున్న ఓమోక్‌దే గుట్టమీద బంధువులకు విందు చేసెనని చెప్పుదురు. ఆ గుట్ట నెక్కి చూచినచో నేడు క్రింద నల్లని పెంకులు కప్పిన ఇండ్లకప్పులు అలలవలె కనబడును. యాత్రికులందఱు మొదట అచటికి పోవుట వాడుక. మనమును అచటనుండియే దిగి నగరమును చూతము.

గుట్ట దిగి వీధివెంట పడమటికి పోయినచో గ్యొంగిజొన్ అను మందిరము వచ్చును. యీ సొంగ్యే మరణానంతరము ఆతనికి టేజో, అనగా ఆదిరాజు, అను బిరుదు కలిగెను. ఆతని చిత్రపటము నుంచి పూజించుటకై 1410లో ఈ మందిరమును కట్టిరి. వాకిట రెండు జంతుశిల్పములు మోయుచున్న శిలాఫలక మొకటి కలదు. ఎట్టి గొప్పవాడైనను ఇచట గుఱ్ఱము దిగి నడువవలెనని దాని శాసనము. లోపల నీలవర్ణపు రాజవస్త్రము ధరించి సింహాసనమున కూర్చున్న టేజో పటము కలదు. ఇప్పుడున్నది 1872లో పాత పటమును చూచి వ్రాసిన ప్రతి. జోసొన్ ఆదిరాజు పటములలో మిగిలిన ప్రాచీనచిత్ర మిదియే.

కాని ఆ ఆవరణమునందలి గొప్ప విషయము రాజపటము కాదు. ఒక మూల స్తంభములమీద నెత్తుగా కట్టిన చిన్న మేడ యొకటి కలదు. అది పూర్వము చరిత్రగ్రంథముల భాండారము.

జోసొన్ రాజులకు 'సిల్లోక్' అను చరిత్రరచనా పద్ధతి యుండెను. రాజు కొలువున ఏమి పలికినను, ఏమి చేసినను వ్రాసికొనుటకు లేఖకు లుండెడివారు. రాజు చనిపోయిన పిదప ఆ వ్రాతల నన్నిటిని కూర్చి ఆతని పాలన చరిత్రను సిద్ధము చేయుదురు. బ్రతికియున్న రాజు దానిని చదువరాదు. ఈ నియమ మెంత గట్టిదో తెలుపు సంగతి యొకటి ఆ గ్రంథములయందే కలదు. 1404లో టేజోంగ్ అను రాజు వేటలో గుఱ్ఱముమీదినుండి పడెను. లేచిన వెంటనే ఈ సంగతి లేఖకునకు తెలియనీయవద్దని చెప్పెను. లేఖకుడు రాజు పడిన సంగతిని వ్రాసెను. తనకు తెలియనీయవద్దని ఆయన చెప్పిన సంగతిని గూడ వ్రాసెను. ఇట్లు 1392 మొదలు 1863 వఱకు ఇరువదియైదుగురు రాజుల చరిత్ర 1,893 అధ్యాయములలో మనకు లభించుచున్నది. 1997లో యునెస్కో సంస్థ దీనిని ప్రపంచ స్మృతిపట్టికలో చేర్చినది.

లభించుట మాత్రము సులభముగా జరుగలేదు. పదునైదవ శతాబ్దిలో ఈ గ్రంథముల ప్రతులను నాలుగు చోట్ల భద్రపఱచిరి: రాజధానిలో ఒకటి, చుంగ్‌జు, సొంగ్‌జు, జొంజు పట్టణములలో ఒక్కొక్కటి. ఒకచోట అగ్నిభయము కలిగినను మూడుచోట్ల మిగులునని వారి యాలోచన. 1592 వసంతమున జపాను పాలకుడు హిదెయోషి సేనలు కొరియాపై పడెను. కొన్ని వారములలో రాజధాని పడిపోయెను. రాజు ఉత్తరదిక్కునకు పాఱిపోయెను. మూడు భాండారములును భస్మమయ్యెను. రెండువందల యేండ్ల చరిత్రకు ఇక జొంజులోని ప్రతి యొక్కటియే ఆధారము. శత్రుసేన జొల్లా రాష్ట్రపు సరిహద్దునకు వచ్చుచుండెను.

ఆ సమయమున గ్యొంగిజొన్ మందిరమును కాపాడు చిన్న యుద్యోగి ఓ హీగిల్ అనునాతడు ఈ గ్రంథములను తరలింపవలెనని తలపెట్టెను. ఆతనికి తోడుగా వచ్చినవారు ఇద్దఱు పల్లెటూరి పండితులు: అన్ ఉయి, సోన్ హోంగ్‌నోక్. వారికి కొలువు లేదు, అధికారము లేదు. ఇద్దఱును యౌవనము దాటినవారు. తమ ఇంటి సొమ్ముతో, తమ సేవకులతో వచ్చి, ఎనిమిదివందలకు పైబడిన సంపుటములను పెట్టెలలో పెట్టించి, టేజో పటముతోకూడ నేజాంగ్ పర్వతములోనికి చేర్చిరి. అచటి బౌద్ధభిక్షువులు సాయము చేసిరి. కొండ చఱియలోని గుహాశ్రమములలో పెట్టెలను దాచి, ఒక సంవత్సరమునకు పైగా వంతులవారిగా రేయింబవళ్లు కావలి కాచిరి. ఎవరు ఏ దినమున కావలి యున్నారో అన్ ఉయి వ్రాసి యుంచెను. పిమ్మట రాజు ఆజ్ఞపై ఆ గ్రంథములు కొండ దిగి, ఊరి వెంట ఊరు మాఱి, ఉత్తరదేశమునకు చేరెను.

1592లో కొండకనుమలయందు కొరియా సైనికులు శత్రువును నిలువరించినందున జొంజు ఆ యేడు శత్రువశము కాలేదు. అందుచేత గ్రంథముల తరలింపు వృథాశ్రమ యని ఆనాడు కొంద ఱనుకొనియుండవచ్చును. అయిదేండ్లు గడచినవి. 1597లో శత్రుసేన మరల వచ్చి జొంజును పట్టుకొనెను. ఆ యుద్ధమున గ్యొంగిజొన్ మందిరమును, ఖాళీగా నున్న ఆ భాండారమును తగులబడినవి. గ్రంథములు అచటనే యున్నచో నాలుగవ ప్రతియు పోయియుండెడిది. యుద్ధానంతరము 1603 మొదలు 1606 వఱకు ఈ జొంజు ప్రతిని చూచియే మరల ముద్రించి, ఈ పర్యాయము పట్టణములను నమ్మక, కొండలమీదను దీవులలోను భాండారములు కట్టిరి. ఆ కొండల ప్రతులకును ఆపదలు తప్పలేదు. ఓడే పర్వతము మీది ప్రతిని 1913లో జపానువారు టోక్యో విశ్వవిద్యాలయమునకు కొనిపోగా, 1923 నాటి భూకంపమున అది చాలభాగము కాలిపోయినది. జొంజు మూలప్రతి మాత్రము నేడు సియోలు విశ్వవిద్యాలయమున భద్రముగా నున్నది. గ్యొంగిజొన్ ఆవరణములో మనము చూచు మేడ 1991లో తిరిగి కట్టినది. లోపల మూలగ్రంథములు లేవు. ఆ కట్టడమును చూచి పెదవి విఱచి పోవు యాత్రికులు గలరు. కాని అది దేనికి గుర్తో తెలిసినవారికి అచట ఒక నిమిషము నిలువ బుద్ధి పుట్టును.

మందిరము వెడలి వీధి దాటినచో ఎఱ్ఱయిటుకల రోమన్ కాథలిక్ దేవాలయము కనబడును. దానిపేరు జొన్‌డోంగ్. 1908లో ఆరంభించి 1914లో ముగించిరి. 1791లో యున్ జీచుంగ్ అను కులీనుడు క్రైస్తవము స్వీకరించి, తల్లి చనిపోయినప్పుడు పితృదేవతల ఫలకములకు పూజ చేయక క్రైస్తవవిధిని అంత్యక్రియలు జరిపెను. ఆతనిని, ఆతని బంధువు క్వొన్ సాంగ్‌యొన్‌ను నగరద్వారము వెలుపల శిరచ్ఛేదము చేసిరి. దేవాలయము నిలిచినది ఆ స్థలముననే. ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో జపానువారి పెత్తనమున పురప్రాకారమును పడగొట్టినప్పుడు ఆ గోడరాళ్లు కొన్ని ఈ దేవాలయపు పునాదికి చేరెను. మరణశిక్షను చూచిన గోడయే స్మారకమునకు ఆధార మయ్యెను.

ప్రాకారమునకు నాలుగు ద్వారము లుండెడివి. మూడు పోయినవి, దక్షిణద్వారమగు పుంగ్నమ్మున్ మిగిలినది. 1767లో జరిగిన గొప్ప అగ్నిప్రమాదమున పాతది కాలిపోగా 1768లో తిరిగి కట్టినది ఇది. ఇప్పుడు వాహనములు దాని చుట్టును తిరిగి పోవుచుండును. గోడ లేని ద్వారము ఎవనిని ఆపగలదు? అయినను అది నగరపు పాత హద్దును చూపుచునే యున్నది.

ఆ హద్దును 1894 మే 31వ తేదీన రైతుల సేన దాటినది. కోబు తాలూకాలో నీటిపన్ను మొదలగు అక్రమవసూళ్లతో విసిగిన రైతులు, తోంగ్‌హాక్ మతసంఘము వారి నాయకత్వమున తిరుగబడిరి. వారి నాయకుడు జొన్ బోంగ్‌జున్. ఊరి బడిపంతులుగా నుండిన పొట్టివాడు. కాయధాన్యముతో పోల్చి 'పెసర సేనాని' యని జనులు ముద్దుగా పిలిచెడివారు. రైతులు నగరము ప్రవేశింపగా అధికారులు టేజో పటమును మరల ఎత్తుకొని వీబోంగ్ కొండకోటకు పోయిరి. ప్రభుత్వసేన వాన్‌సాన్ గుట్టమీదినుండి ఫిరంగులు ప్రేల్చెను. రాజు చీనా సేనల సాయము కోరెను. ఆ నెపమున జపాను సేనలును దిగెను. పరసేనల రాకను చూచి రైతులు జూను నెలలో ప్రభుత్వముతో సంధి చేసికొని నగరమును విడిచిరి. కొంతకాలము ఆ రాష్ట్రపు గ్రామములలో రైతుల సంఘములే పాలనను చక్కదిద్దెను. కాని వచ్చిన సేనలు తిరిగిపోలేదు. కొరియా గడ్డమీద చీనా-జపాను యుద్ధము మొదలయ్యెను. మరల ఆయుధము పట్టిన రైతులు ఆ చలికాలమున ఓడిరి; 1895లో జొన్ బోంగ్‌జున్‌ను ఉరితీసిరి. ఆతడు సంధికాలమున రాష్ట్రాధిపతితో మంతనములు జరపిన రాష్ట్ర కార్యాలయము 1951లో కాలిపోయినది. దాని కొంతభాగమును పాతరీతిని తిరిగి కట్టి 2020లో ప్రజలకు తెఱచిరి.

ఓమోక్‌దే గుట్టనుండి మనము చూచిన పెంకుటిండ్ల పేట కథయు ఇట్టిదే. ప్రాకారము పోయిన తరువాత, అంతవఱకు గోడవెలుపల నున్న జపాను వర్తకులు నగరములోనికి వచ్చి అంగళ్లు, ఇండ్లు కట్టుకొనిరి. దానికి ఎదురుగా 1930 ప్రాంతమున కొరియా గృహస్థులు తమ పాతరీతి ఇండ్లను, అనగా హనోక్‌లను, ఒక్కచోట వరుసగా కట్టుకొనిరి. అవి నేడు సుమారు ఏడువందలు. చెక్క స్తంభములు, మట్టిగోడలు, వంపు తిరిగిన పెంకుల కప్పు, కిటికీలకు గాజునకు బదులు హంజి అను చేతికాగితము; నేలక్రింద పొగగొట్టములు నడపి వెచ్చజేయు ఓందోల్ పద్ధతి. ఆ కాగితము ఈ నగరమున ప్రసిద్ధము. కాగితము గలచోట ముద్రణయు గలదు. చెక్క అచ్చులతో జొంజులో ముద్రించిన కథలపుస్తకములకు 'వాన్‌పాన్‌బోన్' అని పేరు. చున్‌హ్యాంగ్ కథ వంటివి సామాన్యుల ఇండ్లకు చేరినది వానివలననే. ఆ కథలను ఒక గాయకుడు నిలుచుండి, ఒక డోలు వాద్యకాని తోడుతో గంటలతరబడి పాడి చెప్పు కళ పాన్‌సోరి. మన హరికథ విన్న చెవికి అది వింతగా తోపదు. పూర్వము పండ్రెండు కథ లుండెడివి, అయిదు మిగిలినవి. 1975లో పునరుద్ధరించిన జొంజు గానసభలో నేటికిని గాయకులు పోటీపడుదురు.

ఇక భోజనము. 2012లో యునెస్కో జొంజును ఆహారవిద్యకు పేరొందిన నగరములలో చేర్చినది. అచటి ప్రధానవంటకము బిబింబాప్. 'బాప్' అనగా అన్నము, 'బిబిం' అనగా కలిపినది. కంచుగిన్నెలో, ఎముకల పులుసునీటిలో వండిన అన్నముపై మొలకెత్తిన సోయాగింజలు, పాలకూర, కొండకూరలు, పుట్టగొడుగులు, పసుపువన్నె పెసరజున్ను ముక్కలు వేఱువేఱు రంగులుగా అమర్చుదురు. నడుమ గ్రుడ్డుసొనయు, పలువురు సన్నగా తరిగిన పచ్చి గొడ్డుమాంసమును ఉంచుదురు. మాంసము వలదనువారు ముందుగా చెప్పుట మంచిది. నువ్వులనూనె, కోచుజాంగ్ అను పులియబెట్టిన మిరపముద్ద చేర్చి, అంతయు కలిపి తినవలెను. కలుపక తినువానిని చూచి అచటివారు నవ్వుదురు. ఈ విషయమున తెలుగువారికి ఎవరును నేర్పనక్కఱలేదు. అన్నట్లు, ఆ మిరప వారికిని మనకును ఒకే మార్గమున వచ్చినది. అమెరికా ఖండమున పుట్టి, 16వ శతాబ్దిలో పోర్చుగీసువారి ఓడల వెంట ఆసియాకు చేరినది. కొరియాలో 1614 నాటి ఒక గ్రంథము అది జపాను నుండి వచ్చినదని చెప్పుచున్నది. అన్ ఉయి కొండగుహలో తిన్న అన్నమున ఈ ఎఱ్ఱని ముద్ద యుండి యుండదు.

ఈ వంటకము ఎట్లు పుట్టినదను దానికి పలుకథలు గలవు. రాజుల మధ్యాహ్నభోజన మని కొందఱు, పొలములో రైతులు ఒకే గిన్నెలో కలుపుకొన్నదని కొందఱు, పితృపూజ పిదప ప్రసాదముల నన్నిటిని కలిపినదని కొందఱు, గిన్నెలు చాలని తోంగ్‌హాక్ సేన తిన్నదని కొందఱు చెప్పుదురు. ఏ యొక్కదానికిని గట్టి సాక్ష్యము లేదు. రాజు, రైతు, పితృదేవత, తిరుగుబాటుదారు నలువురును ఒకే గిన్నెకు హక్కుదారులగుట ఆ నగరచరిత్రకు తగినట్లే యున్నది.

ఉదయమున లేచిన నగరవాసి తినునది మాత్రము కోంగ్నముల్ కుక్‌బాప్. సోయా మొలకల చారులో అన్నము. పుంగ్నమ్మున్ ద్వారమునకు చేరువ నున్న దక్షిణపు సంతలో చిన్న దుకాణములవారు, అన్నపు గిన్నెలో మరుగుచున్న చారు పోసి, వంచి, మరల పోసి, అన్నమును వెచ్చజేసి యిత్తురు. ప్రక్కన సగముడికిన గ్రుడ్డు, సముద్రపు నాచు అప్పడములు. దీనితోపాటు మోజు అను పానీయమును త్రాగుదురు. బియ్యపుకల్లులో అల్లము, దాల్చినచెక్క, ఎండు రేగుపండ్లు వేసి మఱుగబెట్టగా మత్తు చాలవఱకు పోయి తీపి మిగులును. 1947 నాటినుండి నడచుచున్న 'సంబెక్‌జిప్' అను భోజనశాల పేరునకు 'మూడువందల యిల్లు' అని అర్థము. దినమునకు మూడువందల గిన్నెలు మాత్రమే అమ్మి తలుపు మూయుట చేత ఆ పేరు వచ్చినదని చెప్పుదురు.

పేరుప్రతిష్ఠలు నగరమునకు మేలు చేసినవి, కీడును చేసినవి. సెలవుదినములలో పెంకుటిండ్ల వీధులలో నడచుటకు చోటుండదు. అద్దెలు పెరిగి పాత కాపురములు కొన్ని లేచిపోయి, వాని స్థానమున అద్దె దుస్తుల అంగళ్లును, మిఠాయి దుకాణములును వెలసినవి. ఇండ్లు మిగిలి ఇంటివారు పోయినచో పేట మిగిలినట్లా అను ప్రశ్నను జొంజువారే అడుగుచున్నారు. మా అభిప్రాయమున ఆ ప్రశ్నకు సమాధానము ఆ భాండారపు కథలోనే కొంత యున్నది. ఆ యుద్ధమున మిగిలినది కట్టడము కాదు, అది 1597లో కాలిపోయినది. దానిలోని వస్తువు మిగిలినది. అదియు రాజాజ్ఞకై వేచియుండక, తమది కాని వస్తువును తమదనుకొని మోసినవారు ఉండుట చేత మిగిలినది.

చదువునకును ఉద్యోగమునకును కొరియా పోవు తెలుగువారు నేడు గలరు. వారిలో ఎవరైనను జొంజు చూడబోయినచో, తెల్లవాఱుజామున సంతలో వేడిచారు త్రాగి, జనసమ్మర్దము కలుగకముందే గ్యొంగిజొన్ వాకిలి తెఱచు వేళకు చేరవలెను. రాజపటమును చూచిన పిదప ఎడము గొని ఆ చిన్న మేడ మెట్లెక్కవలెను. అన్ ఉయి, సోన్ హోంగ్‌నోక్‌ల చిత్రపటము లేవియు మన మెఱుగము. వారు మోసిన గ్రంథములు మాత్రము నేడును చదువబడుచున్నవి.